సూదికి వదిలిన అంచు

హైదరాబాదు,
6 ఏప్రిల్ 2025

ఇలియాస్ అన్నకి సలాం.

పండక్కి వచ్చి వెళ్లి వారం కూడా కాలేదు, అప్పుడే ఉత్తరమేమిటని అనుకోకు. ఇప్పుడు రాయక తప్పదు. ఈ ఉత్తరం అంటించి ఉన్న అట్ట గొట్టంలో నా ఏడాదిన్నర పని ఉంది. గొట్టం తెరిచేముందు అదేమిటో, దాన్ని ఏం చేయాలో నీకు తెలియాలి. కాబట్టి చేతిలో కత్తెర ఉంటే పక్కన పెట్టి, ముందు ఇది మొత్తం చదువు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నీ మిషను చప్పుడులో నేను చెప్పేది నీకు సగమే వినపడుతుంది, ఆ సగానికీ "ఆ సరే సరే" అంటావు. పైగా నేను పదో తరగతిలో ఉండి నీకు అక్షరాలు నేర్పినప్పుడు షరతు పెట్టింది నువ్వే. అసలైన కబురు ఏదైనా ఉత్తరంలోనే రాయాలి, లేకపోతే నేర్చుకున్నది మర్చిపోతానన్నావు.

గొట్టంలో ఉన్నది సోలార్ షీటు. మనవాళ్ల మేడల మీద కనిపించే నల్ల గాజు పలకల్లాంటిది కాదు. దీన్ని ఆర్గానిక్ సోలార్ సెల్ అంటారు. ప్లాస్టిక్ జాతికి చెందిన కొన్ని పదార్థాలను ద్రవంలో కరిగించి సిరా లాగా తయారుచేస్తాం. ఆ సిరాను పల్చటి ఫిల్ము మీద పూత పూస్తాం, ఇంకో పూత, దాని మీద మరో పూత. పైన గాలి చొరకుండా ఇంకో ఫిల్ము అంటించి మూసేస్తాం. అంతే అన్నా! ఎండ పడితే కరెంటు వస్తుంది. మొదటిసారి నా చేత్తో పూసిన ముక్క మీటరు ముల్లును కదిలించిన రోజు నేను ల్యాబులో గట్టిగా అరిచాను. పక్క గదివాళ్లు ఏదో పేలిందనుకుని పరిగెత్తుకొచ్చారు.

గాజు పలకంత బలం దీనికి లేదు, అబద్ధం ఎందుకు. అంత కాలం బతకదు కూడా. కానీ గాజు పలకకు పెద్ద కొలిమి కావాలి, దీనికి అక్కర్లేదు. ముందు ముందు ఫ్లెక్సీలు అచ్చు వేసినట్టు చుట్టలు చుట్టలుగా దీన్ని అచ్చు వేయవచ్చు. అప్పుడు చవగ్గా వస్తుంది. చుట్టి చంకలో పెట్టుకుపోవచ్చు. ఆటో టాపు మీద పరవొచ్చు. నేను ఈ పని ఎంచుకున్నదే ఆ మాట కోసం.

మా ల్యాబు పెద్ద శేషారత్నం మేడమ్. మే పదహారున పెద్ద పూత మిషను మాకు ఒక్కరోజు ఇస్తారు. ఆ రోజు ఒక్క నమూనానే అచ్చు వేయగలం. నాతో పనిచేసే శ్రీకాంత్ ఇదే సిరాను గట్టి పలక మీద పూశాడు, నేను మెత్తటి షీటు మీద పూశాను. ఎండలో ఎవరిది బాగా నిలిస్తే దాన్నే అచ్చు వేద్దామన్నారు మేడమ్. శ్రీకాంత్ మా భవనం మేడ మీద పెట్టాడు. నేను మాచర్ల అన్నాను. "అక్కడెందుకమ్మా?" అన్నారు మేడమ్. "ఆ ఎండకి నిలిస్తే ఇంకెక్కడైనా నిలుస్తుంది మేడమ్" అన్నాను. అనేశానే గానీ ఆ రాత్రంతా మాచర్ల ఎండ లెక్కలు వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఇక నీ పని. దుకాణం ముందున్న రేకుల చూరు మీద, దక్షిణం వైపు, గొట్టంలో ఉన్న టేపుతో దీన్ని అంటించు. మడవొద్దు. గీకొద్దు. తడి గుడ్డతో రుద్దొద్దు. మురికైందని కిరసనాయిలు పూయొద్దు. షీటులో పది పట్టీలుంటాయి, ఒక్కో పట్టీకి విడిగా వైరు తీశాను. రోజూ మధ్యాహ్నం సామ్యేలన్న మీటరు అడిగి తీసుకుని ఒక్కో పట్టీ కొలిచి రాసి పంపు. వైర్లన్నీ కలిపితే గొట్టంలో పెట్టిన చిన్న ఫ్యాను తిరుగుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు అమ్మ దాని ముందు కూర్చోవచ్చు.

తిరిగిందా లేదా, వెంటనే రాయి అన్నా.

నీ చెల్లి,
మిస్బా


మాచర్ల,
12 ఏప్రిల్

మిస్బా మేడమ్ గారికి, టాపుల ఇలియాస్ సలాములు.

తిరిగింది. ముందు అది విను, మిగతాది తర్వాత.

బస్టాండులో పార్సిలాయన గొట్టం చూసి "ఏంది ఇలియాసూ, తుపాకీ ఏమన్నా తెప్పించావా?" అన్నాడు. మా చెల్లి కరెంటు పంపించింది అన్నా. పిచ్చోడిని చూసినట్టు చూశాడు. ఇంటికి తెచ్చి తీస్తే అమ్మ వేళ్లతో పట్టుకొని "ఇదేందిరా, పూతరేకులాగా ఉంది, ఇది కరెంటిస్తదా?" అంది. మన పక్క దుకాణం సామ్యేలు సంగతి నీకు తెలుసుగా, బ్యాటరీలు బాగుచేస్తన్నా నోరు ఊరుకోదు. నీ ఉత్తరం నేను పైకి చదువుతుంటే ఆర్గానిక్ అన్న కాడ ఆపాడు. "అంటే పురుగుమందు కొట్టకుండా పండించిన కరెంటా? మన మిరపకాయలకే ఆ యోగం లేదు, కరెంటుకి పట్టిందా?" అన్నాడు. దుకాణమంతా ఒకటే నవ్వు.

చూరు మీద నేను సగం అంటించానో లేదో, కింద అమ్మ చేతిలో ఫ్యాను గిర్రున తిరిగింది. అమ్మ కెవ్వుమని కింద పడేసింది. ఏం కాలేదులే, మళ్లీ తిరిగింది. ఇంక చూడు జనం. టీకొట్టు కాడ ఉన్నోళ్లంతా ఇక్కడే. ఒకాయన షీటు మీద చెయ్యి అడ్డం పెట్టి ఫ్యాను ఆపటం, తీసి తిప్పటం, పొద్దు వాలిందాకా అదే పని. దుర్గి నుంచి పట్టా కుట్టించుకోవటానికి వచ్చిన రైతు అన్నాడు, "కల్లంలో పట్టా ఎట్టాగూ ఎండలోనే ఉంటది, దాని అంచుకి ఇది వేసిచ్చావనుకో, కాయలతోపాటు కరెంటు కూడా ఆరబెట్టుకుంటాం" అని. నేను మా చెల్లిని అడిగి చెప్తా అన్నా. మా చెల్లి అని చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదైందని సామ్యేలు అంటున్నాడు. అవునేమో.

నిన్న మధ్యాహ్నం దాకా తీసిన మీటరు లెక్కలు వెనక కాయితంలో రాశా. పది పట్టీలూ దాదాపు ఒకటే చూపించినయ్యి.

నిన్న సాయంత్రం గాలిదుమారం వచ్చింది. నీ టేపు చూరు వేడికి అప్పటికే మెత్తబడి ఉంది. షీటు ఒక పక్క లేచి పటపటా కొట్టుకుంది. ఇంకాసేపైతే సాగర్ కాలవలో తేలేది. నేను పైకెక్కి పట్టుకొచ్చా. ఇంక టేపుల మీద నమ్మకం పెట్టుకుంటానా? వైర్లున్న పక్కా దాని ఎదర పక్కా వదిలేసి, మిగతా రెండు పొడుగు అంచులకీ రెగ్జిన్ పట్టీ వేసి మిషను మీద కుట్టా. నైలాన్ దారం, లారీ టాపులకి వాడేది. రెగ్జిన్‌కి కన్నాలు పెట్టి చూరుకి తీగలతో బిగించా. ఇప్పుడు ఏ గాలొచ్చినా కదలదు. నీ మేడమ్ గారికి చెప్పు, ఇట్టాంటి కుట్టు హైదరాబాదులో దొరకదని.

ఇయ్యాల ఫ్యాను కొంచెం నెమ్మదిగా తిరిగింది. మబ్బుగా ఉంది, అందుకే అనుకుంటున్నా.

అమ్మ దువా చెప్పమంది. అన్నం వేళకు తినమంది.

మీ అన్న,
ఇలియాస్


మాచర్ల,
16 ఏప్రిల్

మిస్బాకి,

నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు నా చేతిలో పని ఉండి స్పీకరు పెట్టా. నువ్వన్న మాట దుకాణంలో అందరూ విన్నారు. "చదువు లేనోళ్ల చేతికిస్తే ఇట్టాగే అయిద్ది" అన్నావు. సామ్యేలు టీ సగంలో వదిలేసి తన మీటరు సంచిలో వేసుకున్నాడు. అమ్మ లేచి లోపలికి పోయింది.

ఇంక దాన్ని ముట్టుకోవద్దన్నావు. ముట్టుకోను. మీటరు కూడా పెట్టను.

ఒక్కటి మాత్రం అడుగుతా. నీ ఉత్తరం మళ్లీ తీసి చదివా. మడవొద్దని ఉంది, గీకొద్దని ఉంది, తడపొద్దని, కిరసనాయిలు పూయొద్దని ఉంది. కుట్టొద్దని ఎక్కడ రాశావే? టాపులు కుట్టేవాడికి షీటిచ్చి, కుట్టొద్దని చెప్పకపోతే వాడేం చేస్తాడు?

ఇలియాస్


హైదరాబాదు,
20 ఏప్రిల్

అన్నా,

కుట్టొద్దని నేను రాయలేదు. నీ ఉత్తరం చూశాక నా దగ్గరున్న నా ఉత్తరం నకలు తీసి నేనూ వెతికాను, లేదు. ఇక్కడ మేము చేతులకు తొడుగులు వేసుకుని, ఊపిరి కూడా అటు తిరిగి పీలుస్తాం. ఎవరైనా దాన్ని సూదితో పొడుస్తారని కలలో కూడా అనుకోలేదు. అది వెళుతున్నది మా అన్న దగ్గరికి, మా అన్న చేతిలో ఎప్పుడూ సూది ఉంటుంది, ఆ మాత్రం తట్టాల్సింది నాకు.

ఆ మాట మాత్రం తట్టకుండానే నోట్లోంచి వచ్చింది. మన ఇంట్లో మొదట బడికి పంపింది నన్ను. నేను వెళ్లాలని నువ్వు పన్నెండేళ్లకే మిషను ముందు కూర్చున్నావు. ఆ మాట అనే హక్కు ఎవరికైనా ఉందేమో గానీ నాకు లేదు. సామ్యేలన్న కూడా విన్నాడంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. అమ్మకు నేను విడిగా ఫోను చేస్తాను.

ఎందుకంత అరిచానో చెప్తాను, అది నీకు తెలియాలి. ఆ సిరా పూతకు గాలీ తేమా తగిలితే కొద్ది కొద్దిగా చచ్చిపోతుంది. అందుకే నాలుగు అంచులా జిగురుతో మూస్తాం. ఆ మూసిన అంచు సన్నగా ఉంటుంది, పెన్సిలు మందం. నీ సూది వేసిన ప్రతి కన్నమూ గాలికి ఒక తలుపు. అది పట్టీలోకి దిగితే పైపూత, కిందపూత ఒకదానికొకటి తగిలి ఆ పట్టీ మిగతావాటి కరెంటును కూడా తాగేస్తుంది. నీ ఫ్యాను నెమ్మదించింది మబ్బువల్ల కాదు.

మేడమ్‌కు సోమవారమే చెప్పేశాను. ఆమె తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "పోనీలేమ్మా, పాడైన షీటు లెక్కలోకి రాదు, ఇంకో షీటుకు టైము లేదు" అన్నారు. శ్రీకాంత్ పలక మేడ మీద బాగా పనిచేస్తోంది. మే పదహారున వాడిదే అచ్చు పడేలా ఉంది.

ఆ షీటు ఎలా ఉందో అలాగే తీసి గొట్టంలో పెట్టి బస్సులో పంపు. కుట్లు విప్పొద్దు. ఏ పట్టీ ఎలా చచ్చిందో చూసి కనీసం అదైనా రాసుకుంటాను.

మిస్బా


మాచర్ల,
26 ఏప్రిల్

మిస్బాకి, అన్న రాయటం.

పంపను.

కోపంతో కాదు. అమ్మ తీయనివ్వట్లేదు. మొన్న చూరు ఎక్కబోతే కింద నుంచి "ఒరేయ్, దాని మీద చెయ్యేశావంటే నీకు అన్నం పెట్టను" అంది. ఇక్కడ రోజూ మధ్యాహ్నం కరెంటు తీస్తన్నారు. ఆ రేకుల కింద కూర్చొని సీటు కవర్లకి గుండీలు కుట్టాలంటే ఏం కష్టమో నీకు తెలుసు. అమ్మ ముఖం ముందు నీ ఫ్యాను పెట్టుకొని కుడతంది. అవును, తిరుగుతంది. చచ్చిపోద్దన్నావుగా, చావలే.

ఎట్టాగంటే, సామ్యేలు ఉండబట్టలేక ఒకరోజు మీటరు పెట్టాడు. నేను ముట్టుకోలేదు, గుర్తుపెట్టుకో. కుడి చివర పట్టీ సున్నా. "ఏందిది, ఇదొక్కటే అందరి సొమ్మూ తింటంది, మన వార్డు మెంబరులాగా" అని దాని వైరు పీకి పక్కన పెట్టాడు. అంతే, ఫ్యాను మళ్లీ అందుకుంది. దాని పక్క పట్టీ కూడా రోజురోజుకీ నీరసపడుతుంది. మిగతా ఎనిమిదీ మొదట్లో ఎట్టా ఉన్నయ్యో దాదాపు అట్టాగే ఉన్నయ్యి. లెక్కలు వెనక ఉన్నయ్యి. అవి సామ్యేలు రాసినయ్యి, నా చేతిరాత కాదు.

ఇంకోటి చూశా. ఎడమ చివర పట్టీ ఎందుకు బతికిందా అని. కుడి పక్క నేను రెండు కుట్లు వేశా, ఒకటి అంచున, ఒకటి లోపలికి. ఎడమ పక్క ఒక కుట్టు పూర్తికాగానే దారం తెగింది, చీకటి పడతందని రెండో కుట్టు వేయకుండా వదిలేశా. ఆ ఒక్క కుట్టూ బయట ఖాళీ అంచులోనే పోయింది. నా బద్ధకం వల్ల నీ పట్టీ బతికిందన్నమాట.

అమ్మతో నువ్వు మాట్లాడావని తెలిసింది. ఏడ్చావంట. ఏడవమాకు. సామ్యేలుకి కూడా చెప్పా, వాడు "మిస్బాయేగా, నా మీటరు పట్టుకొని పెరిగిన పిల్ల" అన్నాడు.

నాకు ఇంకా కొంచెం కోపం ఉంది. అది తగ్గినప్పుడు రాస్తా.

ఇలియాస్


హైదరాబాదు,
4 మే

అన్నా! అన్నా! సలాం.

నీ ఉత్తరం ల్యాబు మెట్ల మీద నిలబడి చదివాను. ఎడమ పట్టీ దగ్గరికి వచ్చి ఆగాను. మళ్లీ మొదటి నుంచి చదివి, అలాగే పరిగెత్తి మేడమ్ గదిలోకి వెళ్లాను. తలుపు కొట్టానో లేదో కూడా గుర్తులేదు.

"మేడమ్, బతికింది" అన్నాను.

"ఎవరికేమైంది?" అని లేచి నిలబడ్డారు పాపం.

నీ ఉత్తరం, సామ్యేలన్న లెక్కలు ముందు పెట్టాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని రెండూ చదివారు. వార్డు మెంబరు దగ్గర నవ్వారు. తర్వాత నవ్వలేదు. "ఇది ప్రయోగం కాదమ్మా, ప్రమాదం. ఒక్క షీటు, ఒక్క కుట్టు. దీంతో ఏదీ రుజువు కాదు" అన్నారు. నిజమే. ఆ షీటు ఎన్నాళ్లు బతుకుతుందో నేను చెప్పలేను. ఎడమ పక్క కన్నాల్లోంచి కూడా గాలి మెల్లగా లోపలికి నడుస్తూనే ఉంటుంది, వానలొస్తే ఇంకా త్వరగా. అది ఒప్పుకున్నాను.

కానీ ఊరుకోలేదు. "మేడమ్, టేపు ఆ ఎండకి కరిగింది, ఆ గాలికి లేచింది. జిగురుతో అంటిస్తే మళ్లీ తీయలేం. మా ఊళ్లో పట్టా గానీ, టాపు గానీ, గొడుగు గానీ కుట్టకుండా నిలవదు. కుట్టడానికి వీల్లేని షీటును మనం చవగ్గా చేసి ఎవరికిస్తాం?" అన్నాను. నా గొంతు కూడా పెద్దదైపోయింది, ఇంటి లక్షణం. అంచు వెడల్పుగా వదులుదాం, అందులో సిరా పూయకుండా, లోపల ఒక జిగురు గీత, బయట ఇంకో గీత వేద్దాం, సూది ఆ రెండింటి నడుమే తిరిగితే కన్నం పడినా గాలి లోపలి గీత దాటదు అన్నాను. బల్ల మీదున్న కవరు తిప్పి దాని మీదే బొమ్మ గీశాను.

శ్రీకాంత్ కూడా వచ్చాడు. "అంచు పెరిగితే పూత తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది. నా పలకలో ఆ నష్టం లేదు" అన్నాడు. అదీ నిజమే. "నీ పలకని ఆటో టాపు మీద ఎట్టా పెడతావ్?" అన్నాను. "బోల్టులు వేస్తా" అన్నాడు. "రెగ్జిన్ టాపుకి బోల్టులేంది?" అన్నాను, మన మాటలోనే వచ్చేసింది. మేడమ్ ఇద్దర్నీ బయటికి పొమ్మన్నారు.

సాయంత్రం పిలిచి చెప్పారు. మే పదహారున నా షీటుకు చోటు ఇస్తారట, ఒక్క షరతు మీద. అంచు ఎంత వెడల్పు ఉండాలో ఊహించి చెప్పకూడదు. కుట్టేవాడి చేత కుట్టించి, సూది ఎక్కడిదాకా పోతుందో కొలిచి చెప్పాలి. పదిహేనో తారీఖు సాయంత్రానికి ఆ కొలత లేకపోతే శ్రీకాంత్ పలకే అచ్చు పడుతుంది. అచ్చైన షీటు రోహిణి కార్తెలో మాచర్లలోనే ఎండాలని కూడా అన్నారు. కార్తె అన్న మాట ఆమె నోటి వెంట వినడం ఇదే మొదటిసారి.

ఎంత చాలుతుందో ఇక్కడ ఎవరికీ తెలియదు అన్నా. శ్రీకాంత్ పెన్సిలు మందం ఇంకొంచెం పెంచితే చాలంటాడు. మేడమ్ వేలెడు అంటారు. నేను రెండు వేళ్లు అనుకుంటున్నాను, కానీ నా వేళ్లు నీ వేళ్లు కావు, నీ మిషను పాదం ఎంత వెడల్పో నాకు గుర్తులేదు.

ఈ కవరులో సిరా లేని ఖాళీ ఫిల్ము ముక్కలు పెట్టాను. వాటి మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీశాను. ఆ గీత లోపల పట్టీలున్నాయనుకో. మామూలుగా టాపు కుట్టేటప్పుడు ఎంత వేగంగా కుడతావో అంత వేగంగానే కుట్టు, నా కోసం నెమ్మదిగా కుట్టొద్దు. టీ తాగుతూ, సామ్యేలన్నతో వాదించుకుంటూ కుట్టు. ఎడమ చేతివాటం ఉన్నవాళ్లు మీ బజారులో ఎవరైనా ఉంటే వాళ్లకూ ఒక ముక్క ఇవ్వు. సూది గీత దాటితే దాటనీ, అదే నాకు కావాలి. దాటిన ముక్క దాచేసి మంచిది పంపావనుకో, వచ్చే నెలలో ఇంకెవరి చేతిలోనో నా షీటు చస్తుంది.

నీకు కోపం ఇంకా ఉంటుందని తెలుసు. తగ్గాకే రాస్తానన్నావు, ఆ మాట మీద ఉండు. నేను తొందరపెట్టను. ముక్కలకు మాత్రం తొందర ఉంది. ఉత్తరం లేకుండా అవే పంపినా చాలు, కుట్టు చూసి నాకు అర్థమవుతుంది. పదమూడో తారీఖు పొద్దున మాచర్ల బస్సులో వేస్తే పద్నాలుగుకల్లా నా చేతికి వస్తాయి, కొలిచి పదిహేనుకు మేడమ్ ముందు పెడతాను. కుట్టబుద్ధి కాకపోతే ఆ ఖాళీ ముక్కలే తిప్పి పంపు, అదీ పదమూడులోపే. ఏదో ఒకటి పంపు అన్నా, ఎదురు చూస్తుంటాను.

నీ చెల్లి,
మిస్బా